పక్కకు పిలిచి చెప్పడం

శుక్రవారం సాయంత్రం ఏడున్నరకు మాలో ఎవరో ఒకరి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి. షాంటిలీలోనూ చుట్టుపక్కలా ఉన్న పది పన్నెండు తెలుగు కుటుంబాల వాళ్ళం వారానికో ఇంట్లో కలుసుకుని బైబిలు చదువుకుంటాం. ఒంగోలు బాప్టిస్టులం ఉన్నాం, గుంటూరు లూథరన్లు ఉన్నారు, బందరు వైపు సి.ఎస్.ఐ. వాళ్ళున్నారు, హైదరాబాదు పెంతెకొస్తు వాళ్ళూ ఉన్నారు. అక్కడైతే ఒకే ఊళ్ళో ఉన్నా ఒకరి గుడికి ఒకరం పోయేవాళ్ళం కాదేమో. ఇక్కడ డల్లస్ విమానాశ్రయం పక్కన, రూట్ 28 ట్రాఫిక్కులో పడి వచ్చి, ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చుంటాం. పాట, పాఠం, ప్రార్థన, ఆ తర్వాత పులిహోర.

ఈ పేజీ చదివేవాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువని నాకు తెలుసు. అయినా ఈసారి మా శుక్రవారం సంగతే రాస్తున్నాను. తెలిసినవాడు తెలియనివాళ్ళతో ఎలా మాట్లాడాలన్న గొడవ అన్ని ఇళ్ళలోనూ ఉండేదే కదా.

మా గుంపులో తెలిసినవాణ్ణి నేనే. గొప్పకు చెప్పడం లేదు, జరిగిన తప్పుకు అదే మొదలు కాబట్టి చెబుతున్నాను. ఒంగోల్లో సండే స్కూలు రోజుల నుంచీ బైబిల్ క్విజ్జుల్లో స్టీలు గ్లాసులూ, టిఫిను బాక్సులూ గెలుచుకున్న ప్రాణం. ఎవరైనా వచనం మొదలుపెడితే అధ్యాయం, వచనం అంకెలతో సహా నోటికి వచ్చేస్తాయి. ఎవరికైనా సందేహం వస్తే ఫోను తియ్యరు, నా వైపు చూస్తారు. ఆ చూపు అలవాటైపోయింది నాకు.

కిందటి ఫిబ్రవరిలో మా వాళ్ళలో ఒక అబ్బాయికి ఉద్యోగం పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, హెచ్-1బి మీద ఉన్నాడు. ఉద్యోగం పోయినవాళ్ళకి ఇక్కడ గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. 2017 నుంచి అమల్లో ఉన్న నియమం అది. ఆ లోపల ఇంకో కంపెనీ వాడి తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం విడిచిపెట్టాలి. ఆ గడువుని ఇక్కడ అందరూ 'గ్రేస్ పీరియడ్' అంటారు. గ్రేస్ అంటే మా బైబిల్లో కృప. అర్హత చూడకుండా ఇచ్చేది, అంతుండనిది. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాల్లో ప్రతి ఒక్కటీ ఆ కృప ఎప్పటికీ ఉంటుందనే మాటతోనే ముగుస్తుంది. ఇమిగ్రేషన్ వాళ్ళ గ్రేసు మాత్రం అరవయ్యో రోజుతో సరి.

ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో రోజో, శుక్రవారం వచ్చింది. ఆ వారం కూడిక మా స్నేహితుడి ఇంట్లో. అతని అత్తగారు అప్పటికి రెండు నెలలుగా ఇక్కడే ఉన్నారు, కూతురి పురిటికి వచ్చి. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు ఆవిడది. అందరం పెద్దమ్మా అంటాం. ఆవిడకు చదువు రాదు. డెబ్భై ఏళ్ళుగా చెవితో విన్న బైబిలే ఆవిడ బైబిలు.

ప్రార్థన అంశాలు చెప్పుకునే సమయంలో ఆ అబ్బాయి, "రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నా. అమ్మావాళ్ళకి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. మూల కుర్చీలో పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న పెద్దమ్మ, "భయపడబాక నాయనా. మోయలేని బరువు దేవుడు ఎవరి నెత్తినా పెట్టడు. బైబిల్లోనే రాసుంది" అంది.

అక్కడ ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు.

"అట్లా బైబిల్లో లేదు పెద్దమ్మా" అన్నాను. "అందరూ అనుకునే మాట అది. మీరనుకుంటున్నది 1 కొరింథీయులకు 10:13. అక్కడ పౌలు మాట్లాడేది శోధన గురించి, అంటే పాపంలో పడేట్టు లాగే దాని గురించి. కష్టాల బరువు గురించి కాదు. ఆ మాటకొస్తే అదే పౌలు, ఆసియాలో తన శక్తికి మించిన భారం తన మీద పడిందని రెండో పత్రిక మొదటి అధ్యాయంలో రాసుకున్నాడు." ఇలా అయిదు నిమిషాలు. సందర్భం, విగ్రహాలకు బలిచ్చిన మాంసం, కొరింథు పట్టణం, అన్నీ చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను కూడా.

"అట్టాగా అయ్యా" అంది పెద్దమ్మ. "నాకు చదువు రాదు గదా." కొంగు సర్దుకుని బిడ్డ వైపు తిరిగింది. ఆ అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. ఇంకెవరో ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు.

కారెక్కాక మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. రూట్ 50 మీదికి వచ్చాక అంది: "మీరు చెప్పింది కరెక్టేనండీ. కానీ నిద్ర పట్టడం లేదని చెప్పింది ఆ అబ్బాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు."

తర్వాత రెండు శుక్రవారాలు పెద్దమ్మ కిందికి దిగి రాలేదు. మోకాళ్ళ నొప్పులని కూతురు చెప్పింది. మూడో వారం వచ్చింది కానీ నోరు తెరవలేదు. పాట కూడా పెదవుల మీదే పాడుకుంది.

నా తరఫున నేను వాదించుకోకపోలేదు. తప్పుని తప్పనకపోతే ఎట్లా? మోయలేని బరువు ఇవ్వడని నమ్మి, నిజంగా మోయలేక కూలిపోయిన మనిషి, లోపం తన విశ్వాసంలోనే ఉందనుకోడా? అట్లా నలిగిపోయినవాళ్ళను చూశాను. యూట్యూబులో నూనె సీసాలమ్మే ప్రసంగీకులు బతికేది, మనం ఎవరినీ నొప్పించకూడదని నోరు మూసుకోవడం వల్లనే కదా. ఈ వాదనలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అయినా ఆ మూల కుర్చీ వైపు చూడలేకపోయాను.

బైబిల్లో ఒకరినొకరు సరిదిద్దుకున్న సందర్భాలు వెతికాను. నాకు తెలిసిన పని అదొక్కటే మరి. రెండు కథలు పక్కపక్కన పెట్టుకున్నాను.

మొదటిది అంతియొకయలో జరిగింది. పేతురు యూదులు కానివాళ్ళతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందరే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉందిది. రెండోది ఎఫెసులో, అపొస్తలుల కార్యాలు పద్దెనిమిదో అధ్యాయం. అపొల్లో అలెక్సంద్రియ నుంచి వచ్చిన పండితుడు, మంచి వక్త. కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. సమాజమందిరంలో అతని ప్రసంగం విన్న అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అక్కడే లేచి నిలబడలేదు. అతన్ని తమతో తీసుకుపోయి మిగిలింది వివరించారు. డేరాలు కుట్టుకు బతికే జంట, పండితుడికి.

రెండూ సరిదిద్దడాలే. మరి ఒకటి నలుగురిలో, ఒకటి పక్కకు పిలిచి ఎందుకు? నాకు తోచింది ఇది. పేతురుకు తెలియక కాదు, తెలిసే చేశాడు. పైగా పెద్దవాడు. అతను లేచిపోతే వెనక ఇంకా కొందరు లేచిపోయారు, పంక్తిలో మిగిలినవాళ్ళు వెలి అయ్యారు. నష్టం నలుగురిలో జరిగింది, దిద్దుబాటూ నలుగురిలోనే జరగాలి. అపొల్లో ఎవరినీ వెలివేయలేదు. తెలిసినంత మేరకు మనస్ఫూర్తిగా చెప్పాడు. అతనికి కావలసింది మిగిలిన సగం, అంతే. ఆ లెక్కన పెద్దమ్మ అపొల్లో. నేను ఆమెను పేతురుని చేసి నిలబెట్టాను. బరువైన పదవిలో ఉన్నవాడితో మాట్లాడాల్సిన గొంతుతో, చదువురాని ముసలావిడతో మాట్లాడాను.

ఆఫీసుకి వెళ్ళే దారిలో రోజూ సల్లీ అనే పాత భవంతిని దాటుకుని పోతాను. 1794లో రిచర్డ్ బ్లాండ్ లీ కట్టించుకున్న తోట బంగళా అది. ఉత్తర వర్జీనియా నుంచి అమెరికా కాంగ్రెసుకి ఎన్నికైన మొదటి మనిషి ఆయన. వెనకాల బానిసల గుడిసె ఒకటి ఆనాటి పద్ధతిలో మళ్ళీ కట్టి చూపిస్తారు. ఆ రోజుల్లో బంగళాలోనూ బైబిలు ఉండేది, గుడిసెలోనూ దేవుడి పాటలు ఉండేవి. చదవడం మాత్రం ఒకవైపే. నల్లవాళ్ళు చదువు నేర్చుకోవడానికి గుమిగూడటాన్ని 1831లో వర్జీనియా చట్టం పెట్టి మరీ నిషేధించింది.

2018లో వాషింగ్టన్ బైబిల్ మ్యూజియంలో ఒక పుస్తకాన్ని ప్రదర్శనకు పెట్టారు. పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూశాను. వెస్టిండీస్‌లోని ఆంగ్లేయుల తోటల్లో పనిచేసే బానిసల కోసమని 1807లో లండన్‌లో అచ్చువేసిన బైబిలు. ఇప్పుడు దాన్ని 'స్లేవ్ బైబిల్' అంటున్నారు. పాత నిబంధనలో దాదాపు పదింట తొమ్మిది వంతులు, కొత్త నిబంధనలో దాదాపు సగం అందులో లేవు. మోషే జనాన్ని ఐగుప్తు చెరనుంచి నడిపించుకుపోయిన కథ లేదు. దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదనే గలతీ పత్రికలోని మాట లేదు. దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న మాట మాత్రం భద్రంగా ఉంది. అచ్చులో ఉన్న ప్రతి వాక్యమూ బైబిల్లోదే. అద్దాల పెట్టె ముందు నిలబడి పిల్లలకు, "చూశారా, అబద్ధం రాయకుండానే ఎంత అబద్ధం చెప్పొచ్చో" అని పాఠం చెప్పాను. పాఠం చెప్పే అవకాశం వస్తే నేనెక్కడా వదులుకోను.

నాలుగో వారం, శనివారం పొద్దున, ఒక్కణ్ణే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. బిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేయడానికి స్మోక్ అలారం గుర్తొచ్చి మానుకుని కూర్చుని ఉంది.

"ఆరోజు అందరిలో అట్లా అనకుండా ఉండాల్సింది పెద్దమ్మా. తప్పయింది" అన్నాను.

"నువ్వన్నదాంట్లో తప్పేముంది నాయనా. ఉన్నది ఉన్నట్టు చెప్పావు" అంది. తర్వాత కాసేపటికి, "చదవరాదు గదా, నోటికొచ్చింది బైబిలు పేరు పెట్టి చెప్తే పాపమేమోనని భయమేసింది. అందుకే మాట్లాడటం మానుకున్నా" అంది.

అవమానపడి అలిగిందనుకున్నాను నేను. ఆవిడ నా మాట నమ్మింది. డెబ్భై ఏళ్ళుగా తను ఆనుకుని నిలబడిన గోడ అసలుందో లేదో అన్న అనుమానం నేనే పెట్టాను.

"ఆ వచనం ఏంటో ఒకసారి మొత్తం చదివి వినిపించు" అంది.

చదివాను. మనుషులందరికీ మామూలుగా వచ్చే శోధనే మీకూ వచ్చిందనీ, దేవుడు నమ్మదగినవాడనీ, తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ రానివ్వడనీ, దానితోపాటే తప్పించుకునే దారి కూడా కలిగిస్తాడనీ దాని సారాంశం.

పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. "దారి చూపిస్తాడనుంది గదా. మరి ఆ పిల్లోడికి ఆ ముక్క చెప్పలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. అయిదు నిమిషాల పాఠంలో నేను వచనం మొదటి సగమే వాడాను, అదీ ఆమె మాట తప్పని నిరూపించడానికి. రెండో సగం నాకు అవసరం పడలేదు. అద్దాల పెట్టెలోని పుస్తకం గుర్తొచ్చింది. కత్తెర వేసేవాళ్ళు లండన్‌లోనే ఉండనక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి చూశాను. శోధన అన్నచోట గ్రీకులో ఉన్న మాట 'పైరాస్మోస్'. దానికి పాపం వైపు లాగే ప్రేరణ అనీ అర్థమే, పరీక్ష అనీ అర్థమే. తెలుగులో శోధన కూడా రెంటికీ పనికొస్తుంది. సందర్భం విగ్రహారాధనదే కాబట్టి నేను చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ గదిలో మాట్లాడినంత ధీమాగా మాట్లాడగలిగిన విషయం మాత్రం కాదు. పెద్దమ్మ నేననుకున్నదానికంటే కొంచెం ఎక్కువ ఒప్పు, నేను కొంచెం తక్కువ ఒప్పు.

ఆ పొద్దున పెద్దమ్మ వాళ్ళ ఊరి సంగతులు చెబుతూ కరువు మాట ఎత్తింది, తాతల నాటి మాట అంటూ. ఆ చరిత్ర పుస్తకాల్లో చదివి ఉన్నాను. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ మహా కరువులో, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరుకుతుందని. కరువున్నంత కాలం మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నవాళ్ళు ఎవరో, నమ్మి వచ్చినవాళ్ళు ఎవరో తనకు తెలియదు కాబట్టి. పని పంచిపెట్టడం అయిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, చాలామందికి అక్షరం ముక్క రాదు.

ఈ కథ చిన్నప్పటి నుంచీ నేను అంకెల కోసం గుర్తుపెట్టుకున్నాను, క్విజ్జులో అడుగుతారు కాబట్టి. ఇప్పుడు వేరే సంగతి కనపడింది. ఆ మనిషి కూలి ఇవ్వడానికి పరీక్ష పెట్టలేదు. నమ్మకం విషయంలో తొందరపడలేదు. కడుపు దగ్గర కృప, ఒప్పుకోలు దగ్గర సత్యం, రెండూ ఒకే మనిషి చేతుల్లో, ఒకే కాలవ గట్టు మీద. నేను మా శుక్రవారం కూడికలో తిరగేసి చేశాను. నిద్రపట్టని కుర్రాడు కూలి అడిగితే పరీక్ష పేపరు ఇచ్చాను.

తప్పించుకునే దారి అన్నాక వెతకాలి కదా. అప్పటికి యాభై రోజులు దగ్గరపడ్డాయి. మా కంపెనీలో మాట్లాడాను, ఇంకో ఇద్దరు వాళ్ళ కంపెనీల్లో మాట్లాడారు. ఒక చోట రెండో ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయింది. పెద్దమ్మ రోజు మార్చి రోజు పప్పుచారో, గోంగూరో క్యారేజీ కట్టి అల్లుడితో పంపించేది. ఉద్యోగం దొరకలేదు. యాభై ఏడో రోజున డల్లస్‌లో నేనే దింపాను. కారు అమ్మిపెట్టడం, అపార్టుమెంటు లీజు ఇంకొకరికి మార్చడం మేం చూసుకున్నాం. అమ్మావాళ్ళకు చెప్పేటప్పుడు పక్కన కూర్చోమంటే కూర్చున్నాను. దారి అంటే మేమనుకున్న దారి కాదు, అయినా రోడ్డున పడకుండా వెళ్ళాడు.

సెక్యూరిటీ లైన్ ముందు అడిగాను, ఆరోజు నేను చేసింది గుర్తుందా అని. "మీరు చెప్పిందే కరెక్టని తర్వాత చదివి చూసుకున్నానన్నా" అన్నాడు. "కానీ ఆ రాత్రి పెద్దమ్మ మాట తల్చుకునే పడుకున్నాను."

మొన్న కూడికలో ఒకాయన యాకోబు పత్రికలోని మాటని పౌలు చెప్పాడన్నాడు. నాలిక చివరి దాకా వచ్చింది, మింగాను. తర్వాత వంటింట్లో ప్లేట్లు సర్దేటప్పుడు చెప్పాను. "అవునా అన్నా, ఎక్కడుందో చూపించు" అని అక్కడే ఫోను తీశాడు. అదే రోజు ఇంకొకరు, డబ్బు పంపితే ప్రార్థన నూనె పంపిస్తామనే వీడియో ఒకటి గ్రూపులో పెట్టారు. దానికి మాత్రం అందరిలోనే, అది మోసమని రాశాను. రెండూ ఒకే రోజు చేసినా, ప్రతిసారీ తేడా కనిపెట్టగలనన్న నమ్మకం నాకు లేదు. వయసు యాభై దగ్గరపడుతోంది, నేర్చుకుంటున్నాను.

పెద్దమ్మ ఆరునెలలు కాగానే ఊరెళ్ళిపోయింది. ఇప్పుడు ఇక్కడి శనివారం పొద్దున, అంటే ఆవిడకు సాయంత్రం, వాట్సాప్‌లో ఫోను చేస్తుంది. ఒక అధ్యాయం చదివి వినిపించాలి. వచనాలు వదిలేయకూడదు, పేర్ల పట్టికలొచ్చినా సరే. ఇప్పుడు యోబు గ్రంథం చదువుతున్నాం. కిందటి వారం మధ్యలో ఆపి, "ఆయన పిల్లలు పదిమంది చచ్చిపోయారు గదా, చివర్లో మళ్ళీ పదిమందిని ఇచ్చాడన్నారే, మొదటి పదిమంది సంగతేంటి?" అని అడిగింది.

వ్యాఖ్యానాలు నాలుగు తెలుసు నాకు. "తెలియదు పెద్దమ్మా" అన్నాను.

"సరేలే, నాకూ తెలియదు. చదువు" అంది.